మామయ్యగారు కరెంటు బిల్లు కట్టొద్దంటున్నారు, నేనేమో బిల్లులేసే ఆఫీసులో ఉన్నాను

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, సంస్థ పేరు వెయ్యొద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాను.

ఆమె ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థలో, రెవెన్యూ కార్యాలయంలో ఉద్యోగి. బిల్లుల్లో తప్పులు సరిచేయడం, బకాయిల జాబితాలు తీయడం ఆమె పని. భర్తది ప్రైవేటు ఉద్యోగం. అత్తమామలతో కలిసి సొంతింట్లో ఉంటున్నారు. పై వాటా అద్దెకిచ్చారు. దానికి వేరే మీటరు ఉంది కానీ అదీ మామగారి పేరు మీదే. అద్దెకున్నవాళ్లు నెలనెలా అద్దెతోపాటు బిల్లు డబ్బు కూడా ఆయన చేతిలోనే పెడతారు.

మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఉపాధ్యాయ సంఘంలో తిరిగిన మనిషి. 2000 సంవత్సరంలో కరెంటు ఛార్జీల పెంపు మీద హైదరాబాద్‌లో జరిగిన ఆందోళనకు వెళ్లి వచ్చారు. ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయిన సంగతి ఇప్పటికీ ఇంట్లో చెబుతుంటారట. ప్రస్తుతం కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు.

వేసవి బిల్లులు రాగానే కాలనీ అట్టుడికిపోయింది. "రేట్లు పెంచలేదని పేపర్లో రాస్తారు, మరి ఇదేంటి?" అని జనం మీటర్ రీడింగ్‌కి వచ్చిన కుర్రాణ్ని చుట్టుముట్టి చేతిలో మిషను లాక్కున్నారు. ఆ ఆదివారం సంఘం సమావేశంలో, పెంచిన భాగం తీసేసేదాకా ఎవరూ బిల్లు కట్టకూడదని తీర్మానం చేశారు. అంతటితో ఆగినా బాగుండేదేమో. మామగారు మైకు పట్టుకుని, "మా కోడలు ఆ ఆఫీసులోనే ఉంది, మన కాలనీలో ఫ్యూజులు ఎవరు పీకుతారో చూస్తాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆ మాట మా ఆఫీసుకు చేరింది. మా అధికారి పిలిచి, 'నాయకత్వం మీ ఇంట్లోనేనటగా' అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంటికొస్తే వీధిలో ఒకావిడ, 'మా డబ్బులతోనేగా మీ జీతాలు' అంది. మామయ్యగారితో ఒక్కసారి అడ్డంగా మాట్లాడాను, బిల్లు కట్టకపోతే ఎలా అని. 'నువ్వు కోడలిగా మాట్లాడుతున్నావా, ఉద్యోగిగా మాట్లాడుతున్నావా?' అన్నారు. అప్పటి నుంచి అత్తయ్యగారు ముభావంగా ఉంటున్నారు. మావారేమో, 'నాన్నకి తెలియకుండా ఫోన్లో కట్టేద్దాం, గొడవ ఉండదు' అంటున్నారు. నిజం చెప్పాలంటే మా ఇంటి బిల్లు చూస్తే నాకూ కడుపు మండింది. రోజూ కౌంటర్లో జనానికి సర్దిచెప్పేదాన్ని, నాకు నేను సర్దిచెప్పుకోలేకపోతున్నాను. బదిలీ అడగనా? చాటుగా కట్టేయనా? ఉద్యోగం సంగతి పక్కన పెట్టి మామయ్యగారి వెంట నిలబడనా? అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని."

ఇదీ ఉత్తరం.

అమ్మా, ముందు మీవారి సలహా సంగతి చూద్దాం. మీ ఉత్తరం ధోరణి చూస్తే రేపో ఎల్లుండో ఆ పని చేసేసేలా ఉన్నారు. సర్వీసు నంబరు తెలిస్తే ఏ పేమెంటు యాప్‌లో కొట్టినా బకాయి ఉందో లేదో కనబడుతుంది. కాలనీలో ఏ కుర్రాడో సరదాకి కొట్టి చూస్తాడు, అధ్యక్షులవారింటి బాకీ సున్నా అని తేలుతుంది. అప్పుడు, తాను చల్లగా కట్టేసుకుని మనల్ని ఆపాడు అంటారు. ఆయనకు తెలియకుండా జరిగిందని ఎవరూ నమ్మరు. పోగొట్టుకున్న డబ్బు కన్నా, కనెక్షన్ కన్నా ఆ మాట ఆయన్ని ఎక్కువ కోస్తుంది. ఆ కోత పెట్టింది కొడుకూ కోడలూ అని తెలిశాక మీ ఇంట్లో ఇప్పుడున్న ముభావం ఏ మూలకు? చాటుగా కడితే ఈ నెల గొడవ తప్పుతుంది, నిజమే. కట్టాలనుకుంటే ఆయన ముందే చెప్పి కట్టండి. అరుస్తారు. అరవనివ్వండి.

రెండోది, దీనికి గడువుంది కాబట్టి ముందే చెబుతున్నాను. మైకులో ఆయనన్న మాట. "మా కోడలు ఆ ఆఫీసులోనే ఉంది" అనేది విన్నవాళ్లకు హామీ. ఆ హామీ మీరివ్వలేదు, ఇవ్వడం మీ చేతిలో పని కాదు, ఇచ్చినా చెల్లదు. అయినా దాన్ని నమ్ముకుని ఎంతమంది బిల్లు పక్కన పెట్టేశారో ఆలోచించండి. మీ మామగారికి పింఛను వస్తుంది, ఫ్యూజు పీకిన మర్నాడే కట్టి మళ్లీ వేయించుకోగలరు. ఇంట్లో మిషను కుట్టుకుని బతికే ఆవిడ ఉంటుంది, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకునే ముసలాయన ఉంటాడు. వాళ్లకు రెండు నెలల బకాయి, దాని మీద ఆలస్యపు రుసుము, మళ్లీ కనెక్షన్ ఇవ్వడానికయ్యే ఖర్చు అన్నీ కలిసి ఒక్కసారి మీద పడతాయి. తీర్మానం ఉంచుకోవాలా మానాలా అన్నది కాలనీ ఇష్టం. ఆ హామీని మాత్రం వెనక్కి తీసుకోమని ఆయన్ని అడిగే హక్కు మీకుంది. అది కోడలి మాటా కాదు, ఉద్యోగి మాటా కాదు. మీ పేరు వాడుకున్నారు, మీరు అడుగుతున్నారు.

ఇక ఆ బిల్లు దగ్గరికి వద్దాం. కాలనీవాళ్లు అడిగింది మంచి ప్రశ్న. రేట్లు పెంచలేదు, బిల్లు పెరిగింది. రెండూ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో కౌంటర్ల దగ్గర ఎవరూ ఓపిగ్గా చెప్పరు. కోపంలో సగం అక్కడ పుడుతోందని నా అనుమానం.

మన రాష్ట్రంలో ఇళ్లకు వేసే స్లాబు రేట్లు 2022 ఏప్రిల్‌లో మారినవే. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, ఆ పైన 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, అది దాటితే రూ.9.75. ఈ పట్టిక మీకు కంఠతా వచ్చే ఉంటుంది. దీనితో ఒక్క లెక్క వేసి మామయ్యగారికి చూపించండి. చలికాలంలో 200 యూనిట్లు కాలిస్తే కరెంటు ధర వరకే రూ.867. వేసవిలో ఏసీ వేసి 300 కాలిస్తే రూ.1,673. వాడకం ఒకటిన్నర రెట్లయింది, డబ్బు దాదాపు రెట్టింపయింది, రేటు మాత్రం పైసా మారలేదు. లెక్కల మాస్టారు కదా, వెంటనే పట్టుకుంటారు. కాలనీ కోపంలో ఎంత భాగం ఎండలది, ఎంత భాగం ఛార్జీలది అన్నది ముందు విడదీయాలి. విడదీయకుండా పోట్లాడితే "మీరే ఎక్కువ కాల్చారు" అని ఒక్క మాటతో పంపించేస్తారు.

విడదీశాక మిగిలేదే అసలు తగాదా. ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు. బిల్లు మీద ఎఫ్‌పీపీసీఏ అని పొడి అక్షరాలు వేస్తారు, జనం ట్రూ-అప్ అంటారు. ఏడాది మొదట్లో కరెంటు కొనడానికి ఇంత అవుతుందని అంచనా వేస్తారు, ఆ అంచనా మీద రేటు ఖాయమవుతుంది. తర్వాత బొగ్గు ధర పెరిగినా, ఎక్స్ఛేంజిలో, అంటే కరెంటు కొని అమ్మే బజారులో, అధిక ధరకు కొనాల్సి వచ్చినా ఆ తేడా మన నెత్తిన పడుతుంది. 2022 ఏప్రిల్ గుర్తుందా? దేశమంతా బొగ్గు కొరత, ఎక్స్ఛేంజిలో యూనిట్ ధరకు 12 రూపాయల పరిమితి పెట్టాల్సి వచ్చింది, మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. ఆ ఏడాది కొన్న ఖరీదైన కరెంటు ఖర్చు మన బిల్లుల్లోకి వచ్చింది 2024 చివర్లో. 2022-23 లెక్క కింద సుమారు రూ.6,072 కోట్లు 15 నెలల్లో, 2023-24 లెక్క కింద సుమారు రూ.9,412 కోట్లు 24 నెలల్లో వసూలు చేసుకోవడానికి విద్యుత్ నియంత్రణ మండలి అనుమతిచ్చింది. ఇవి కాక, 2023 నుంచి ఏ నెల తేడా ఆ నెలలోనే, యూనిట్‌కు 40 పైసల దాకా, వేసుకునే పద్ధతి వచ్చింది. 300 యూనిట్ల ఇంటికి అదొక్కటే రూ.120.

రేట్ల పట్టిక కదలదు, దాని పక్కన ఇంకో వరుస చేరుతుంది. పట్టిక మారలేదు కాబట్టి పెంచలేదని చెప్పుకోవచ్చు. ఎప్పుడో వాడుకున్న కరెంటుకు ఇప్పుడు కట్టాలి, అప్పుడు ఆ ఊళ్లోనే లేని అద్దెదారు ఆ ఇంటి బాకీ మోయాలి. ఇది జనానికి అన్యాయంగా తోస్తే జనం తెలివితక్కువవాళ్లు కారు. మీ కడుపు మండిందన్నారు చూడండి, దానికి సిగ్గుపడక్కర్లేదు. ఆ ఆఫీసులో జీతం తీసుకుంటున్నందుకు ఆ వరుసలన్నీ న్యాయమైనవేనని నమ్మాల్సిన పని లేదు. ఇంట్లో సంస్థ తరఫున వకాల్తా పుచ్చుకోవడం మానేస్తే మీకు సగం బరువు దిగుతుంది.

అయితే సంస్థను ఒక్కదాన్నే తిట్టడమూ సరిపోదు. ప్రభుత్వ సంస్థ అనగానే అంతా ఒకటే గుంపు అనుకుంటాం. డిస్కం, అంటే మీ పంపిణీ సంస్థ, లెక్క చూపి అడుగుతుంది. ఎంత వసూలు చేసుకోవచ్చో నియంత్రణ మండలి తేలుస్తుంది. ఎవరికి ఎంత రాయితీ ఇవ్వాలో రాష్ట్ర ప్రభుత్వం చెబుతుంది, ఆ డబ్బు ముందుగానే డిస్కంకు ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ అంటుంది. ఆ డబ్బు ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు, ప్రభుత్వ కార్యాలయాలు పడే బకాయిల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. ఇన్ని చోట్ల జరిగిందాని ఫలితం కాగితమై మీ వీధికి వచ్చేసరికి, ఎదురుగా దొరికింది ఎవరు? బిల్లుకింత అని కూలి లెక్కన తిరిగే కాంట్రాక్టు కుర్రాడు. మిషను లాక్కుంటే అతని ఒకరోజు కూలి పోయింది తప్ప ఎఫ్‌పీపీసీఏలో పైసా తగ్గలేదు. ఆ విషయంలో మీ మామగారు ఏమన్నారో మీరు రాయలేదు. సంఘం నాయకుడిగా జీవితమంతా పనిచేసిన మనిషికి అది నచ్చి ఉండదని అనుకుంటున్నాను. మాట మొదలుపెట్టడానికి అదే మంచి చోటు.

ఇప్పుడు కాలనీ ముందున్న దారులు. ఇవి మీరు చెప్పడం కన్నా ఆయనంతట ఆయన చదువుకుంటే మేలు, అయినా మీకు తెలిసి ఉండాలి.

పూర్తిగా కట్టకపోవడం ఒకటి. చట్టం ప్రకారం కరెంటు తీయాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఇచ్చాక తీయొచ్చు. కాలనీ మొత్తం ఒక్కమాట మీద ఉంటే వార్త అవుతుంది, ఎమ్మెల్యే వస్తాడు, పత్రికల్లో ఫొటో పడుతుంది. దానికి విలువ లేదనను. ఒక్కమాట ఎన్నాళ్లుంటుందన్నదే సందేహం. మొదటి ఫ్యూజు పీకిన సాయంత్రానికే సగం మంది కట్టేస్తారు, మిగిలిన సగం వాళ్లను ద్రోహులంటారు, కాలనీ రెండుగా చీలుతుంది. పైగా ఒక చిక్కుంది. పై వాటావాళ్ల బిల్లు డబ్బు మామయ్యగారి చేతికి వచ్చేసింది. ఆయన కట్టకపోతే అది ఆయన నిరసన కాదు, డబ్బిచ్చేసిన వాళ్లింట్లో చీకటి. తన బిల్లు ఆపుకోవడం ఆయన ఇష్టం. ఆ రెండో మీటరు బిల్లు ఆపుకోవడానికి ఆయనకు ఏ హక్కూ లేదు, ఈ మాట ఎంత మెల్లగా చెప్పినా గట్టిగానే వినిపిస్తుంది.

ఇంకొకటి, నిరసన తెలుపుతూ కట్టడం. ఇది చాలామందికి తెలియదు. అదే విద్యుత్ చట్టం 56వ సెక్షన్‌లోనే ఉంది. బిల్లు మీద వివాదం ఉంటే, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల్లో సగటున కట్టిన ఛార్జీ గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది నిరసనతో జమచేస్తే, వివాదం తేలేదాకా కరెంటు తీయకూడదు. వేసవి బిల్లు మీద ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే వెనకటి ఆరు నెలల్లో చలికాలం ఉంటుంది. అయితే వివాదమంటే నోటిమాట కాదు, రాసిచ్చి రసీదు తీసుకోవాలి. రీడింగ్ తప్పు, మీటరు పరుగు, కేటగిరీ పొరపాటు, పాత బాకీ రెండుసార్లు పడటం లాంటివి మీ దగ్గరే తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. కానీ "ట్రూ-అప్ అన్నదే అన్యాయం" అనే ఫిర్యాదును ఆ వేదిక తేల్చలేదు, మండలి ఇచ్చిన ఆదేశాన్ని కొట్టేసే అధికారం దానికి లేదు. దానికి అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉంది, 45 రోజుల్లోపు వెళ్లాలి, ఢిల్లీ ఖర్చు కాలనీ చందాలతో అయ్యేది కాదు. వివాదం ఓడిపోతే ఆపుకున్న తేడా కట్టాల్సిందేనని కూడా ముందే అందరికీ చెప్పాలి.

మీ కాలనీలో ఎవరో "రెండేళ్లు దాటిన బాకీ అడగకూడదు" అని అంటూ ఉంటారు, ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. చట్టంలో రెండేళ్ల మాట ఉంది. కానీ ఆ రెండేళ్లు కరెంటు కాల్చిన రోజు నుంచి కాదు, బిల్లు వేసి కట్టమన్న రోజు నుంచి మొదలవుతాయని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఆ వాదన మీద ఆశ పెట్టుకుని బిల్లులు ఆపుకోవద్దని చెప్పండి.

నాకు ఎక్కువ ఆశ ఉన్న దారి ఇంకొకటి, అది నీరసంగా కనిపిస్తుంది. ఏటా నవంబరు చివరికల్లా డిస్కంలు వచ్చే ఏడాదికి ఎంత డబ్బు కావాలో చెప్పే ఆదాయ అవసరాల నివేదిక మండలి ముందు వేస్తాయి. పేపర్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలు రాసి పంపొచ్చు, బహిరంగ విచారణలో ఎవరైనా నిలబడి మాట్లాడొచ్చు. ట్రూ-అప్‌లకు కూడా ఇలాగే అభ్యంతరాలు పిలుస్తారు. ఆ విచారణల్లో ప్రతిసారీ కనిపించేది కొద్దిమంది విశ్రాంత ఇంజినీర్లు, రైతు సంఘాల వాళ్లు, వామపక్షాల వాళ్లు. కాలనీల నుంచి ఎవరూ పోరు. "అదంతా నాటకం, ముందే రాసేసుకుంటారు" అంటారు. కొంత నిజం లేకపోలేదు. అయినా లెక్కలు చూడండి. 2022-23కు డిస్కంలు అడిగింది రూ.8,113 కోట్లు, మండలి ఒప్పుకుంది రూ.6,072 కోట్లు. ఆ మరుసటి ఏడాదికి అడిగింది రూ.11,800 కోట్లకు పైగా, ఒప్పుకుంది రూ.9,412 కోట్లు. 2024-25కు ఎక్కువ వసూలైందని తేల్చి, రూ.923 కోట్లు వెనక్కివ్వమంది. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు తగ్గించేలా. దాన్ని ట్రూ-డౌన్ అన్నారు. ఈ కోతలన్నీ ఎవరో అభ్యంతరం చెప్పినందుకే పడ్డాయని నేననను. లెక్క అడిగేచోట లెక్క కదులుతుంది అని మాత్రం అంటాను.

ఆ నివేదికలు వందల పేజీల అంకెలు. ఎక్స్ఛేంజిలో ఎంత కొన్నారు, ఎంతకు కొన్నారు, ముందే ఒప్పందం చేసుకుంటే ఎంతకు వచ్చేది, సరఫరాలో ఎంత పోయింది, ప్రభుత్వ శాఖల బాకీ ఎంత అని అడగాలంటే ఓపిక, లెక్క రెండూ ఉండాలి. మీ ఇంట్లో ఒక లెక్కల మాస్టారు ఖాళీగా, కోపంగా ఉన్నారు. నివేదికలో దొరకనిది సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆయనకు ఇది రుచించకపోవచ్చు. ఆయన 2000లో వీధిలో నడిచిన మనిషి. ఆ ఉద్యమం అప్పటికప్పుడు పెంపును పూర్తిగా వెనక్కి తిప్పలేకపోయింది, కానీ ఆ వేడి 2004 ఎన్నికల దాకా చల్లారలేదు. కొత్త ముఖ్యమంత్రి మొదటి సంతకం రైతుల ఉచిత విద్యుత్ ఫైలు మీదే పెట్టారు. వీధికి ఫలితం లేదని ఆయనతో అనకండి, ఆయన ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. వీధిలో నడవడం వేరు, మైకు ముందు కోడలి ఉద్యోగాన్ని అడ్డం పెట్టడం వేరు. ఆ తేడా ఆయన పట్టుకోగలరు.

సౌర ఫలకాల సంగతి కూడా కొందరు తెస్తారు. 2024లో వచ్చిన కేంద్ర పథకంలో ఇంటికి రూ.78,000 దాకా రాయితీ ఉంది. పైకప్పు, చేతిలో పెట్టుబడి ఉన్నవాళ్లకు మంచిదే. అద్దె వాటాల వాళ్లకు ఉపయోగం లేదు, ఇప్పటి తగాదాకు జవాబూ కాదు.

ఇక మీ ఉద్యోగం. మీ అధికారి నవ్వు నచ్చలేదన్నారు. నవ్వుల మీద ఊహలు కట్టడం కన్నా ఒక కాగితం మంచిది. "మా కుటుంబ సభ్యులు ఫలానా కాలనీ సంఘంలో బాధ్యతలో ఉన్నారు, ఆ కాలనీ సర్వీసుల బకాయిలు, కనెక్షన్ తొలగింపు పనులు నాకు కాకుండా వేరేవారికి ఇవ్వండి" అని నాలుగు లైన్లు రాసి, కాపీ మీద సంతకం తీసుకోండి. ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోయినా, రేపు ఎవరైనా "జాబితా ఈమే ఇంటికి చేర్చింది" అన్నా, "ఈమే అడ్డం పడింది" అన్నా చూపించడానికి ఒక ముక్క ఉంటుంది. ఈలోపు కాలనీ సర్వీసుల వివరాలు ఆఫీసు కంప్యూటర్లో తెరిచి చూడకండి, కుతూహలానికి కూడా. ఎవరి లాగిన్‌తో ఏది తెరిచారో తెలుసుకోవడం పెద్ద పని కాదని మీకు తెలుసు.

బదిలీ అడిగితే? ఇస్తే రోజూ ప్రయాణం, పిల్లలుంటే వాళ్ల ఇబ్బంది, మీ ఉత్తరంలో ఆ వివరం లేదు. పైగా ఆఫీసులో "భయపడి పోయింది" అంటారు, కాలనీలో "మనకోసం నిలబడలేదు" అంటారు. ఇంటి భోజనాల దగ్గర మౌనం మీ కొత్త ఆఫీసు దాకా రాదు కానీ ఇంట్లోనే ఉంటుంది. రాతపూర్వకంగా పని మార్చమన్నా వినకుండా ఆ పనే మీ చేత చేయిస్తే అప్పుడు బదిలీ గురించి ఆలోచించండి. ఇప్పుడే తొందర ఎందుకు?

మామయ్యగారి వెంట నిలబడటం అన్న మూడో ప్రశ్న. ధర్నాలో కూర్చుంటే ప్రవర్తనా నియమావళి కింద మెమో వస్తుంది, తర్వాతది మీ అధికారి మనస్తత్వాన్ని బట్టి ఉంటుంది. అది తెలిసి కూర్చుంటానంటే కాదనడానికి నేనెవర్ని? కానీ ఆయనకు ఉపయోగపడటానికి ధర్నాలో కూర్చోనక్కర్లేదు. బిల్లులో ఏ వరుస ఏమిటో చెప్పడం రహస్యం కాదు, మీ కౌంటర్ మీద ప్రతి వినియోగదారుడికీ చెప్పాల్సిన విషయమే. వచ్చే ఆదివారం కాలనీవాళ్లు బిల్లులు పట్టుకొస్తే, ఇది ఎండల వల్ల పెరిగింది, ఇది పాత ఏడాదిది, ఇది తప్పు పడింది, దీనికి ఫిర్యాదు రాయొచ్చు అని విడదీసి చెప్పడంలో తప్పేమీ లేదు. "ఫలానా రోజు లైన్‌మన్ వస్తాడు" అని చెప్పడంలో ఉంది.

"కోడలిగా మాట్లాడుతున్నావా, ఉద్యోగిగానా?" అన్న ఆయన ప్రశ్నకు మీరు జవాబు వెతుక్కుంటున్నారు. ఆ ప్రశ్న మిమ్మల్ని ఒక పక్కకు తోసెయ్యడానికి వేసింది, జవాబు ఇవ్వక్కర్లేదు. నలుగురి ముందు కాదు, అత్తయ్యగారు కూడా వినేలా పొద్దున కాఫీ వేళ కూర్చోండి. ఎదురుగా మీవారు కూడా ఉండాలి, చాటుగా కట్టేద్దామన్న మనిషి ఎదురుగా ఒక్క మాటైనా అనాలి కదా. ఇలా మొదలుపెట్టి చూడండి: "మామయ్యా, బిల్లు నాకూ అన్యాయంగానే ఉంది. మీరు పోట్లాడొద్దనను. నా పేరు చెప్పి జనానికి మాటిచ్చారు, దాన్ని మీరే వెనక్కి తీసుకోవాలి. పై వాటా బిల్లు ఇవాళే కట్టేద్దాం, అది వాళ్ల డబ్బు. మన బిల్లు సంగతి మీరు చెప్పండి, నిరసన రాసి కడదామా, ఆపుదామా?" అని. చివరి ప్రశ్న నిజంగా ఆయనకే వదిలెయ్యండి. ఆపుదామంటే ఆపండి. నోటీసు వచ్చాక 15 రోజులుంటాయి, అప్పుడు మళ్లీ మాట్లాడుకోవచ్చు.

ఆయన వినకపోతే? వినకపోవచ్చు. అప్పుడు తదుపరి సమావేశానికి మీరే వెళ్లి, రెండే వాక్యాలు చెప్పి వచ్చేయండి: "నా ఉద్యోగం వల్ల ఎవరి కనెక్షనూ ఆగదు, ఎవరిదీ పోదు. నన్ను నమ్ముకుని బిల్లు ఆపుకోకండి." మామగారి పరువు కొంత పోతుంది, కొన్నాళ్లు ఇంట్లో ఇంకా కష్టంగా ఉంటుంది. కుట్టుమిషను ఆవిడకు మాత్రం ఆ నెల ఏం చేయాలో తెలుస్తుంది. ఆ ఇబ్బంది పడగలరా లేదా అన్నది మీరే తూచుకోవాలి, మీ ఇంటి మనుషులు మీకు తెలిసినంత నాకు తెలియరు. పై వాటా బిల్లుకు ఆఖరి తేదీ ఎప్పుడో మాత్రం ఈ రోజే చూడండి.